బ్రేకమ్మ కోడలి పరీక్ష

ఆవిడ అసలు పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు. అందరికీ ఆవిడ బ్రేకమ్మే. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది చూశారూ, దాని మీద కుడికాలు ఆనించుకునే ఆవిడ సగం జీవితం గడిపేసింది. ఆ కాలికి సెలవులంటూ లేవు. ఇంట్లో టీవీ చూస్తున్నప్పుడు తెర మీద కారు కాస్త జోరుగా మలుపు తిరిగినా కాలు నేలని తొక్కేస్తుంది. సోఫా ముందు ఆ ఒక్కచోటే గచ్చు నున్నగా అరిగిపోయిందని కొడుకు వేళాకోళం చేస్తుంటాడు.

నోరు మాత్రం మహా గట్టిది. ముక్కు మీదుండే కోపం, దాని వెనకాలే నవ్వు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు మొదటిసారికే టెస్టు పాసవుతారని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, దానికో కిటుకుంది. టెస్టు పెట్టే మైదానం ఎప్పుడూ ఒకటే. అందులో పాతిన కర్రలూ ఎప్పుడూ అవే. "మూడో కర్ర వెనక అద్దం మూలకి రాగానే స్టీరింగ్ మొత్తం తిప్పేయ్. ఎందుకని అడక్కు, తిప్పేయ్ అంతే," అంటుంది. వాళ్ళూ తు.చ. తప్పకుండా తిప్పేస్తారు. కారు బుద్ధిగా గీతల మధ్యకి వెళ్ళి కూర్చుంటుంది. అక్కడున్న ఆఫీసరు సంతకం పెట్టేస్తాడు.

ఈ కథ ఆవిడది కాదు, ఆవిడ కోడలిది అనుకోవచ్చు. నన్నడిగితే ఇద్దరిదీ అంటాను.

కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. నెమ్మదైన మనిషి, మాట తక్కువ. ఆ అమ్మాయికి ఒకటే కోరిక. పని అయ్యాక సాయంత్రం కాలేజీలో చేరి చరిత్ర చదవాలి. "చరిత్రతో ఏం చేసుకుంటావే?" అని బ్రేకమ్మ అడిగితే, "ఏమీ చేసుకోను అత్తయ్యా, తెలుసుకుంటాను," అంది.

ఆ కాలేజీలో సీటు కావాలంటే ఒక పరీక్ష రాయాలి. గంటసేపు. ఒక పాఠం ఇస్తారు, అది చదివి కొన్ని ప్రశ్నలకి జవాబులు రాయాలి, ఆ తర్వాత దాని మీదే ఒక వ్యాసం రాయాలి. కోడలు రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. మొదటిసారి ఆ పాఠం ఎంత నచ్చేసిందంటే, పరీక్ష సంగతే మర్చిపోయి మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ కూర్చుంది. రెండోసారి భయపడి, ఏం రాయాలా అని ఆలోచిస్తూ కూర్చుంది. నాలుగు వాక్యాలు రాసేసరికి గంట కొట్టారు. ఎవరికైనా మూడు అవకాశాలే. ఈసారి తప్పితే ఆ తలుపు మూసుకుపోయినట్టే. చుట్టుపక్కల సాయంత్రం నడిచే కాలేజీ ఇంకోటి లేదు.

"అమ్మా, నువ్వు నేర్పిస్తే గోడ కూడా డ్రైవింగ్ పాసవుతుంది. ఈవిడ సంగతి కూడా చూడు," అన్నాడు కొడుకు చెప్పులేసుకుంటూ. హాస్యానికే అన్నాడు పాపం. బ్రేకమ్మ హాస్యానికి తీసుకోలేదు.

మర్నాటి నుంచీ వంటింటి బల్లే పరీక్ష హాలు అయిపోయింది. బ్రేకమ్మ పాత ప్రశ్నపత్రాలన్నీ తెప్పించి ముందేసుకుంది. పాఠాలు చదవలేదు, ప్రశ్నలు మాత్రం చూసింది. చూడగానే మొహం వెలిగిపోయింది. ప్రశ్నలన్నీ ఒకే బాపతు. రచయిత ఏమంటున్నాడు, నువ్వు ఒప్పుకుంటావా, ఉదాహరణ చెప్పు. మైదానం మారదు, కర్రలూ మారవు. ఇంకేం కావాలి?

"ఇదిగో, మొదటి పేరాలో 'ఈ పాఠం మనల్ని లోతుగా ఆలోచింపజేస్తుంది' అని రాయి. రెండో పేరా 'ఒక వైపు నుంచి చూస్తే' అని మొదలెట్టు. మూడోది 'మరో వైపు నుంచి చూస్తే'. చివర్లో 'కాబట్టి రెండింటికీ సమతూకం అవసరం' అనేసి పెన్ను మూసేయ్."

"దేనికీ దేనికీ సమతూకం అత్తయ్యా?"

"ఏదో ఒకదానికి! ఇంకోటి, పాఠం మొత్తం చదవకు. ముందు ప్రశ్నలు చూడు. తర్వాత ప్రతి పేరాలో మొదటి వాక్యం చూడు. ఆఖరి పేరా చూడు. మధ్యలో ఏముందో నీకనవసరం."

"అసలు సంగతి మధ్యలోనే కదా ఉండేది!"

"అసలు సంగతి పాసయ్యాక తీరిగ్గా చదువుకో. ఇప్పుడు రాయి."

కోడలు రాసింది. బ్రేకమ్మ గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే టైమరు తిప్పి ఎదురుగా కూర్చునేది. కోడలి కళ్ళు పేరా మధ్యలోకి జారాయంటే చాలు, బల్ల కింద ఆ కాలు టక్కున నేలని తొక్కేది. ఆ చప్పుడుకి కోడలు ఉలిక్కిపడి తరవాతి పేరాకి దూకేది. కొన్నాళ్ళకి ఆ చప్పుడు అవసరం లేకుండానే దూకడం అలవాటైపోయింది. టైమరు మోగేలోపు కాగితం నిండిపోయేది. బ్రేకమ్మ ఆ కాగితం చదివేది కాదు. అడుగుదాకా నిండిందా లేదా అని చూసి పక్కన పెట్టేసేది. కారులో కూర్చున్న ప్రతి శిష్యుడికీ "మా కోడలు ఇప్పుడు రైలింజనే" అని చెప్పుకుని మురిసిపోయేది.

ఇలా ఉండగా ఒక వానపూట మందుల షాపావిడ కనిపించింది. రెండు చేతులా సంచులు, నెత్తిన తడిసిన చున్నీ, నడిచి వెళుతోంది. ఆవిడా బ్రేకమ్మ శిష్యురాలే. బ్రేకమ్మ కారాపి ఎక్కించుకుంది.

"ఇంట్లో కారుంది కదమ్మా, ఈ వానలో నడక దేనికి?"

"కారుందండీ, లైసెన్సూ ఉంది, బీరువాలో భద్రంగా ఉంది," అని ఆవిడ పకపకా నవ్వింది. "మీ దయవల్ల మొదటిసారే పాసయ్యాను కదా. ఒకసారి రోడ్డెక్కాను. ఎప్పుడు తిప్పాలో తెలీలేదు. రోడ్డు మీద కర్రలుండవు కదండీ!"

ఆవిడ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. జోకు చెప్పినట్టే చెప్పింది. బ్రేకమ్మ కూడా నవ్వింది. ఆవిడని దింపేసి ఇంటికొచ్చేదాకా మాత్రం ఆ నవ్వు గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంట్లో ఎవరూ లేరు. కోడలు పొద్దున రాసిన కాగితం బల్ల మీదుంది. టీ పెట్టుకుని కూర్చుని, ఎందుకో ఆ కాగితం తీసి చదివింది. మనల్ని లోతుగా ఆలోచింపజేస్తుంది. ఒక వైపు నుంచి చూస్తే. మరో వైపు నుంచి చూస్తే. సమతూకం. ఇది దేని గురించి రాసిందో ఎంత చదివినా అంతుపట్టలేదు. వంకాయల గురించైనా ఇలాగే రాయొచ్చు, యుద్ధాల గురించైనా ఇలాగే రాయొచ్చు. ఇంతకీ ఆ పాఠంలో ఏముందో చూద్దామని దాన్ని దగ్గరికి లాక్కుంది.

బ్రేకమ్మ బడి వదిలాక నంబరు ప్లేట్లూ, దారి చూపే బోర్డులూ తప్ప ఇంకేదీ చదివిన మనిషి కాదు. మొదటి వాక్యాలు చదివింది. పాతకాలంలో పటాలు గీసేవాళ్ళ గురించి. సరే, దారుల సంగతే కదా, మనకి తెలిసిందే అనుకుని మధ్యలోకి దిగింది.

వెనకటి రోజుల్లో పటం గీసేవాడికి ఒక ప్రాంతం తెలియకపోతే, ఆ చోట ఏవో జంతువుల బొమ్మలు వేసేసేవాడట. రెక్కల పాములు, పడవల్ని మింగే చేపలు. చూసేవాళ్ళకి పటం నిండుగా కనిపించేది. చాలా కాలం తర్వాత కొందరు ఆ బొమ్మలు వెయ్యడం మానేశారు. తెలియని చోట తెల్లగా వదిలేశారు. ఇక్కడేముందో నాకు తెలియదు అని అందరికీ కనబడేలా ఒప్పుకున్నారు.

టీ మీద మీగడ కట్టింది. బ్రేకమ్మ ఆ తెల్లటి చోటు దగ్గరే ఆగిపోయింది. ఎవరో ఎప్పుడో ఒక బల్ల ముందు కూర్చుని, కుంచె చేతిలో పెట్టుకుని, బొమ్మ వెయ్యకుండా తనని తాను ఆపుకున్నాడు. ఆ మనిషి తన వంటింట్లోకి వచ్చి కూర్చున్నట్టే అనిపించింది. అక్షరాలు ఇలా చేస్తాయా? ఇంతకాలం ఈ సంగతి తనకెవరూ ఎందుకు చెప్పలేదు? పాఠం అయిపోగానే మళ్ళీ మొదటికి వెళ్ళి చదవడం మొదలెట్టింది. రెండోసారి సగానికి వచ్చాక గానీ తట్టలేదు, కోడలు మొదటి పరీక్షలో చేసింది సరిగ్గా ఇదేనని. దానికే తను "మొద్దు" అని తిట్టింది.

సాయంత్రం కోడలు వచ్చి చెప్పులు విప్పుతుండగానే బ్రేకమ్మ పాఠం చేతికిచ్చింది.

"ఇందులో మధ్యలో ఏముందో తెలుసా నీకు?"

"మీరు చదవొద్దన్నారుగా."

"ఇప్పుడు చదువు. టైమరు లేదు."

కోడలు అనుమానంగా చూసి కూర్చుంది. బ్రేకమ్మ ఎదురుగా కూర్చుని చూస్తోంది. మనుషులు స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఎలా ఉంటారో ఆవిడకి కొట్టినపిండి. కానీ ఒక మనిషి చదువుతున్నప్పుడు మొహంలోకి చూడటం ఇదే మొదలు. మొదట కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత విడిపోయాయి. పెదవులు కొంచెం తెరుచుకున్నాయి. కుళాయి కారుతోంది, వీధిలో ఎవరో హారను కొడుతున్నారు, ఆ అమ్మాయికి ఏదీ వినపడటం లేదు. మనిషి ఇక్కడే ఉంది, మనిషి ఇక్కడ లేదు. కూర్చున్న కుర్చీ కదలకుండా ఎంత దూరం వెళ్ళిపోయిందో అని బ్రేకమ్మ నోరు వెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయింది.

"ఏమనిపించింది?" అంది చివరికి, ఉయ్యాలలో నిద్రపోతున్న పసిపిల్లని లేపకూడదన్నంత మెల్లగా.

"ఖాళీ వదిలినవాడే గొప్పవాడని రాశారు కదా, నిజమే అత్తయ్యా. కానీ నాకు ఇంకోటి అనిపిస్తోంది. బొమ్మలున్న చోటికి ఎవరూ వెళ్ళరు, భయపడతారు. తెల్లగా ఉన్న చోటు చూస్తే వెళ్ళి చూద్దామనిపిస్తుంది. అంటే ఆయన తెలీదని ఊరుకోలేదు. తన తరవాత వచ్చేవాళ్ళకి చోటు అట్టిపెట్టాడు. తను చూడలేడని తెలిసీ అట్టిపెట్టాడు."

బ్రేకమ్మ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఉప్పు తక్కువైందనీ బట్టలు ఆరలేదనీ తప్ప ఈ పిల్లతో తను వేరే ఏం మాట్లాడింది? ఇంత మనసు, ఇంత ఆలోచన రోజూ తన పక్కనుంచే గిన్నెలు పట్టుకుని వెళ్ళిపోతూ ఉందా?

"ఇదే రాయి," అంది.

"ఏంటి రాసేది?"

"నాతో ఇప్పుడన్నావే, అదే రాయి. నేను నేర్పిన చెత్తంతా మర్చిపో. ఒక వైపూ మరో వైపూ అని నేను నీచేత గీయించింది కూడా ఆ రెక్కల పాములే!"

కోడలు లేచి నిలబడింది. ఆ అమ్మాయి గొంతు పెరగడం ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ విన్లేదు, ఆ రోజు విన్నారు. "పరీక్షకి వారం కూడా లేదు. ఇప్పుడా మర్చిపొమ్మంటారు? ఇలా చదివే కదా రెండుసార్లు తప్పాను! మీరు చెప్పినట్టు రాస్తే పాసైనా అవుతాను. తప్పితే నాకిక దారి లేదు అత్తయ్యా, మీకు అర్థమవుతోందా?"

"అవుతోంది. నేను నేర్పినట్టు పాసైనవాళ్ళని నేను చూశాను. లైసెన్సు బీరువాలో పెట్టుకుని వానలో నడుస్తున్నారు. నువ్వు ఆ కాలేజీలో కూర్చుని కూడా మధ్యలోది చదవకుండా దూకేస్తుంటే, ఆ సీటు నీకెందుకే తల్లీ?"

కోడలు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు పొద్దున తనే వచ్చి బల్ల దగ్గర కూర్చుని, "ఇంకో పాఠం ఇవ్వండి, మొత్తం చదువుతాను," అంది.

మిగిలిన రోజుల్లో వాళ్ళు చేసింది ఒకటే. కోడలు మొత్తం చదివేది, బ్రేకమ్మకి చెప్పేది, అప్పుడు రాసేది. బ్రేకమ్మ చేయాల్సింది ఊరుకోవడం. అదెంత కష్టమో ఆవిడనే అడగాలి. ఆ పిల్ల చదవడం ముగించి, పెన్ను ముట్టకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటే ఆవిడ కాలుగాలిన పిల్లిలా అయిపోయేది. రెండు కాళ్ళూ కుర్చీ మీదికి మడిచి పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చునేది. కోడలు చెప్పిన ప్రతిసారీ నివ్వెరపోయేది. రాళ్ళ గురించి, ఉప్పు గురించి, దూదిని దారం చేసిన మొదటి చేతుల గురించి ఆ పిల్ల మాట్లాడుతుంటే, వంటింటి గోడలు దూరం జరిగినట్టుండేది.

రాతలు బాగుండేవి. కానీ నిజం చెప్పుకోవాలి కదా, ఒక్కటి కూడా టైమరు మోగేలోపు పూర్తి కాలేదు.

పరీక్ష రోజు బ్రేకమ్మ తన స్కూలు కారులోనే తీసుకెళ్ళింది. హాలు తలుపుకి పైభాగంలో అద్దం ఉంది. లోపలికి అందరూ వెళ్ళాక బ్రేకమ్మ మునివేళ్ళ మీద నిలబడి చూసింది. కాగితాలు పంచారు. తలలన్నీ వంగాయి. కాసేపటికి పెన్నులన్నీ కదులుతున్నాయి. కోడలి పెన్ను మాత్రం బల్ల మీదుంది. ఆ అమ్మాయి చదువుతోంది. చదవడం అయిపోయాక కిటికీకేసి చూస్తోంది. పక్కనున్న అమ్మాయి పేజీ తిప్పి రెండో పేజీ మొదలెట్టింది. కోడలు ఇంకా కిటికీకేసే చూస్తోంది.

బ్రేకమ్మకి తలుపు తట్టాలనిపించింది. ఆ కర్రలతోనే వదిలేసి ఉంటే ఈపాటికి సమతూకం దాకా వచ్చేసేది కదా, నా మూలానే కదా అనుకుంది. "అమ్మా, ఇక్కడ నిలబడకూడదు," అన్నాడు కాపలా మనిషి. "ఒక్క నిమిషం నాయనా," అంది గానీ ఆ ఒక్క నిమిషమూ ఏం చూడటానికో ఆవిడకే తెలియదు. అప్పుడే కోడలి పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. ఎదురుగా ఎవరో కూర్చుని వింటున్నట్టు, వాళ్ళకి చెబుతున్నట్టు కదిలాయి. ఆ తర్వాత పెన్ను తీసుకుంది. ఇక తల ఎత్తలేదు.

మీరు కంగారు పడకండి, ఫలితం నేనే చెప్పేస్తాను. ఆ అమ్మాయి పాసైంది. గొప్ప మార్కులేం కాదు, జాబితాలో అడుగునుంచి చూస్తే పేరు తొందరగా దొరికేది. చివరి పేరా ఉండాల్సిన చోట ఒకే ఒక్క వాక్యం ఉందట. అయినా సీటొచ్చింది. కానీ ఆ సంగతి తెలిసింది చాలా రోజుల తర్వాత. ఆ రోజు గంట కొట్టాక మెట్ల మీదికి వచ్చిన కోడలికి గానీ, కింద నిలబడ్డ బ్రేకమ్మకి గానీ అదేమీ తెలియదు.

"పూర్తయిందా?" అని అడుగుదామనే బ్రేకమ్మ నోరు తెరిచింది. కోడలి మొహం చూసి ఆ ప్రశ్న మింగేసింది. "ఏం పాఠం ఇచ్చారు?" అంది.

కోడలు మెట్టు మీద కూలబడింది. "అడుగుల గురించి అత్తయ్యా. ఎక్కడో ఎండిపోయిన సరస్సులో, బురద మీద పడ్డ అడుగులు. వేల ఏళ్ళ కిందటివి. అప్పటికి రాత లేదు, ఇళ్ళు లేవు. ఒక మనిషి చంటిపిల్లని ఎత్తుకుని గబగబా నడిచి వెళ్ళిన గుర్తులు. చంకన బరువుంది కాబట్టి అడుగులు ఒక పక్కకి ఒరిగాయట. అక్కడక్కడా పిల్లని కిందికి దింపినట్టుంది, ఇంతింత చిన్న పాదాలు కూడా పడ్డాయి. ఆ తర్వాత ఆ దారినే ఏనుగంత జంతువు ఒకటి దాటిపోయింది. కాసేపటికి ఆ మనిషి అదే దారిలో వెనక్కి వచ్చింది. ఈసారి పిల్ల లేదు."

బ్రేకమ్మ చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. "అయ్యో! పిల్లేమైంది?"

"ఎవరికీ తెలీదు. దాని మీదే రాశాను. పిల్లకి ఏదైనా అయ్యుంటే తిరిగొచ్చే అడుగులు తిన్నగా ఉండవు కదా. అటూ ఇటూ పరిగెడతారు, ఆగుతారు, వెనక్కి తిరుగుతారు. ఆ అడుగులు ఎక్కడా తడబడలేదు, తిన్నగా వచ్చాయి. అంటే ఆ చివర ఎవరో ఉన్నారు. ఒక అక్షరం కూడా పుట్టని రోజుల్లోనే, పిల్లని చేతిలో పెట్టేసి నిశ్చింతగా తిరిగొచ్చేంత నమ్మకస్తులు ఒకరు ఉన్నారు. అది చెప్పడానికి ఎవరూ మిగల్లేదు, బురద ఒక్కటే మిగిలింది. అలా రాశాను."

జనం మెట్లు దిగుతూ వాళ్ళని తప్పుకుని వెళుతున్నారు. ఫోను మోగుతోంది, డ్రైవింగ్ పాఠానికి రావాల్సిన శిష్యుడెవరో. బ్రేకమ్మ తీయలేదు. ఆవిడ కూడా ఆ మెట్టు మీదే కూర్చుంది. ఎన్నో వేల ఏళ్ళ అవతలి నుంచి ఒక తల్లి గబగబా నడిచి వస్తున్నట్టు, తనకి చాలా దగ్గరగా వస్తున్నట్టు ఎదురుగా ఉన్న ఖాళీ ఆవరణలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఎవరో కాదే," అంది. "అత్తగారై ఉంటుంది."

కోడలు ఫక్కున నవ్వింది. బ్రేకమ్మ నవ్వడం లేదని చూసి, తనూ ఆపేసింది.

"ఇది నాకు తట్టలేదు అత్తయ్యా. రాసి ఉండాల్సింది," అంది.